చేరింది అన్న గుర్తు

మూడో బాయి, వంతెన గది రోజు పుస్తకం. రాస్తున్నది శంకరమ్మ.

దిగిన 49వ రోజు

ఎండల్లో జనాన్ని చూసుకునే తాప మండలి వాళ్ళు ఈ పుస్తకంలో ‘విశేషాలు’ అని ఒక గడి అచ్చు వేయించారు. మిగతా గడులన్నీ అంకెలకే. ఎంత ఎండ, ఎన్ని సందేశాలు, ఏ పెట్టెలో బ్యాటరీ ఎంత. నేను మాట్లాడేది ఈ గడిలోనే, ఎందుకంటే ఈ గదిలో మాట్లాడటానికి ఇంకెవరూ లేరు.

తేదీలు వేసే అలవాటు మాకు పోయింది. ఎండలు యాభై దాటి జనం పాత బొగ్గు బాయిలోకి దిగిన రోజు ఒకటి. వానలు పడి పైకెక్కేదాకా అదే లెక్క. ఇవాళ బయట యాభై నాలుగు. నా గది బాయి మొగ దగ్గర, అంటే లోపలికి దిగే ద్వారం పక్కన, గనివాళ్ళు ఒకప్పుడు లాంతర్లు తీసుకున్న గది. రెండు కూలర్లు, ఒక కంప్యూటరు, ముప్పై రెండు సిమ్ములున్న పెట్టె, నేను.

నగరంలో చల్లమేడల్లో ఉద్యోగాలున్న వాళ్ళవి నెట్ ఫోన్లు. వాళ్ళకు అక్షరాల లెక్క లేదు, వేలు నొప్పి పుట్టేదాకా రాస్తారు. లోపల ఉన్న వాళ్ళవి మీటల ఫోన్లు, పిల్లలతో సహా తలకొకటి. అంత లోతుకు నెట్ పోదు. కేబుల్ వెంట పాత ఎస్సెమ్మెస్ ఒక్కటే పోతుంది, అదీ తెలుగులో అయితే ముక్కకు డెబ్బై అక్షరాలే. నెట్‌లో వచ్చినదాన్ని ముక్కలు చేసి లోపలికి పంపడం, లోపలి నుంచి వచ్చిన ముక్కల్ని కలిపి నెట్‌లోకి ఎక్కించడం, ఇదే వంతెన పని. ఇవాళ మీనాక్షి అనే ఆవిడ లోపల ఏడో దారి అనే సొరంగంలో ఉన్న మొగుడికి పప్పు డబ్బాలో పురుగు పట్టిన సంగతి పదకొండు ముక్కల్లో చెప్పింది. చివరి ముక్కలో గానీ అసలు మాట రాలేదు. ఆమెకు జీతం పెరిగిందట.

మా తమ్ముడు ఓదెలుతో ఇవాళ గొడవ పడ్డాను. మొగకు దగ్గరగా ఉండే నాలుగో దారి కాస్త చల్లన. అక్కడ వాడికి పడక ఇప్పించడానికి మండలి ఆఫీసుకు ఆరు సార్లు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. వాడు దాన్ని ఎవరో కడుపుతో ఉన్న పిల్లకు ఇచ్చేసి, అన్నిటికన్నా లోతైన ఏడో దారికి మారాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు. ఇవాళ మొగ దగ్గరికి బ్యాటరీల కోసం వచ్చి నవ్వుతూ చెప్పాడు.

“ఆమె కడుపుల పిల్లకు నాకన్న ఎక్కువ ఉక్క పోస్తది గదనే అక్కా.”

“మరి నా మొకం ఏడ పెట్టుకోవాల్రా? ఇగ నాకు కబురు పెట్టకు,” అన్నాను. వాడు బ్యాటరీలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు. తప్పు వాడిదే మరి.

దిగిన 51వ రోజు

పొద్దున పదిన్నరకు నేల ఒకసారి అదిరింది. లోపల ఎక్కడో పైకప్పు రాయి రాలినట్టుంది. నెలకు రెండు మూడుసార్లు మామూలే. నాలుగో దారి పెద్ద రాజమొగిలి, తమవైపు అంతా క్షేమమని కబురు పెట్టాడు. మిగతా దారులకు నేను అడుగుతూ పంపాను. అన్నిటికీ ‘చేరింది’ అన్న గుర్తు పడింది.

ఈ గుర్తు సంగతి రాసి పెట్టాలి, కొత్తగా ఎవరైనా ఈ కుర్చీలోకి వస్తే తెలియాలి కదా. మూడేళ్ళ క్రితం దాకా, లోపలి ఫోను సందేశం అందుకుని తిరుగు కబురు ఇస్తేనే పైవాళ్ళకు గుర్తు పడేది. లోపలి వాళ్ళు బ్యాటరీ మిగుల్చుకోవడానికి ఫోన్లు ఆపేసుకుంటారు. గుర్తు పడక పైవాళ్ళకు భయం పట్టుకునేది, ఒకే సందేశం పది సార్లు పంపేవారు. వరుసంతా పూడుకుపోయి, నిజంగా అవసరమైన కబురు వెనకబడేది. ఏడుస్తూ నాకే ఫోన్లు చేసేవారు. చూసి చూసి నేనే ఒక ఏర్పాటు చేశాను. సందేశం నా సిమ్ముల పెట్టె దాటగానే పైవాళ్ళకు ‘చేరింది’ అని పడుతుంది. ఏ దారికి ఆ దారిలో ఉన్న పెట్టెలకూ అదే నేర్పాను. లోపలి వాళ్ళ ముక్క ఆ దారి పెట్టెలో పడగానే వాళ్ళ ఫోనుకూ ‘చేరింది’ అని వస్తుంది. చేరిందంటే చూసినట్టేనని అందరి లెక్క. అబద్ధమే, కాదనను. కానీ ఎప్పుడో ఒకప్పుడు చేరేదే కదా. ఆ వారం నుంచి పై వాళ్ళు నిద్రపోయారు, లోపలి వాళ్ళకు బ్యాటరీలు మిగిలాయి. నూటికి నూరు చేరవేసినందుకు మండలి నాకు ఒక మెచ్చుకోలు పత్రం కూడా ఇచ్చింది. ఎలా చేరవేశానో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

నిజంగా ఏ ఫోను అందుకుందో చూపే అసలు చిట్టా పెట్టె అడుగున ఉంది. దాన్ని చూడటం మానేసి చాలా కాలమైంది.

దిగిన 54వ రోజు

కోపం ఎన్నాళ్ళని పెట్టుకుంటాం? తోడబుట్టిన వాడు వాడొక్కడే. పొద్దున నా సొంత నెట్ ఫోను నుంచి ఓదెలుకు పంపాను. ‘తిన్నవా? గొంతు నొప్పి తగ్గిందా?’ అని. అంతకన్నా వంగడం నా వల్ల కాదు.

‘చేరింది’ అని పడింది. మనసు కుదుటపడింది. సాయంత్రం దాకా ఫోను పక్కనే పెట్టుకుని పనిచేశాను. జవాబు లేదు.

ఇవాళ సందేశాలు 880. ఏడో దారి నుంచి పైకి వచ్చినవి సున్న. రేపు వాళ్ళ దారిలో బ్యాటరీలు నింపుకునే రోజు, అందుకే పొదుపు చేస్తున్నట్టున్నారు.

దిగిన 56వ రోజు

ఇంకో కబురు పెట్టాను. ‘చెప్పు, ఏమన్న కావాల్నా’ అని. ‘చేరింది’. జవాబు లేదు.

వాడికి ఆ పొగరు మా నాయన నుంచి వచ్చింది. నాయన కూడా అంతే, మాటకు మాట అనడు, మూతి బిగించుకుని కూచుంటాడు, ఇంట్లో వాళ్ళు చుట్టూ తిరగాలి. నేను తిరగను. చూసి కూడా పలకని వాడి వెంట పడటానికి నాకేం పట్టింది?

మధ్యాహ్నం మీనాక్షి నాకు నేరుగా ఫోను చేసింది. ఆమె మొగుడు వెంకటి ఐదు రోజులుగా అన్నీ చూస్తున్నాడట, ఒక్కదానికీ బదులివ్వడం లేదట. జీతం తనకన్నా ఎక్కువైందని అలిగాడేమో అని ఆమె అనుమానం. మగవాళ్ళకు అది కొత్త కాదని, రెండు రోజులు పలకరించకుండా ఊరుకుంటే వాడే దారికొస్తాడని చెప్పాను. ఆమె నవ్వింది. నాకూ ఓదార్పుగానే ఉండింది, నా ఒక్కదానికే కాదు కదా అని.

దిగిన 58వ రోజు

ఇవాళ ఇంకో ఇద్దరు అదే మాట అడిగారు. ఒకావిడ తల్లి, ఒకాయన అన్న, ఇద్దరూ ఏడో దారిలోనే. అందరూ చూస్తున్నారు, ఎవరూ పలకడం లేదు.

ఏడో దారిలో ఉన్న నలభై మూడు మందీ ఒక్కసారే అలుగుతారా?

అసలు చిట్టా తెరుద్దామని చెయ్యి పోయింది, ఆగింది. ఎందుకు ఆగిందో దాచకుండా రాస్తాను. చిట్టాలో ఏదైనా తేడా కనబడితే మండలికి కేబుల్ పాడైందని రాయాలి. ఎప్పటి నుంచి పాడైందని అడుగుతారు. మరి ఇన్నాళ్ళూ ‘చేరింది’ అని ఎలా పడిందని అడుగుతారు. మూడేళ్ళ గుట్టు బయటికి వస్తుంది, కుర్చీ పోతుంది. కుర్చీ పోతే ఈ మొగ గది పోతుంది, నేనూ లోపలికే. ఎల్లుండి కేబుల్ మనిషి మామూలు తనిఖీకి వస్తాడు, ఏదైనా ఉంటే అతనే చూసుకుంటాడని నాకు నేను చెప్పుకున్నాను. రెండు రోజులకు ఏమవుతుంది?

దిగిన 59వ రోజు

సాయంత్రం నాలుగింటికి మండలి నుంచి ఏడో దారిలోని ఫోన్లన్నిటికీ పంపమని సందేశం వచ్చింది. ఏడో దారి ఫ్యాను ఇరుసు అరిగిందట. రేపు పదకొండు గంటలకు ఆపి, రెక్కలు విప్పి, సాయంత్రానికి బిగిస్తారట. ఆ లోపు అందరూ నాలుగో దారికి నడిచి వెళ్ళాలి. నాలుగో దారి రాజమొగిలికి కూడా చెప్పమన్నారు, చోటు చూసి పెట్టడానికి. ఫ్యాన్లను నగరంలో కూచునే నడుపుతారు. వాళ్ళకొక కట్టుబాటుంది. ఆ దారిలో ఉన్న ప్రతి ఫోనుకూ ‘చేరింది’ అని పడితేనే ఫ్యాను ఆపే మీట పనిచేస్తుంది. ఒక్కటి తక్కువైనా పనిచేయదు.

ఐదు ముక్కలు చేశాను. ‘నాలుగో దారికి’ అన్న మాట మొదటి ముక్కలోనే వచ్చేలా జాగ్రత్తగా కుదించాను. ఈ పనిలో నాకు పేరుంది. నలభై మూడు ఫోన్లకూ పంపాను. నలభై మూడుకూ గుర్తు పడింది.

పడుతుందని నాకు తెలుసు, పెట్టింది నేనే. అయినా ఆ వరుసలో ఓదెలు పేరు పక్కన గుర్తు చూసి, సరే, రేపు వీడు నాలుగో దారికి వస్తాడు, వెళ్ళి చెవి మెలిపెడతాను అనుకున్నాను. ఈ వాక్యం ఇక్కడ ఇలాగే ఉండాలి. కొట్టేయను.

దిగిన 60వ రోజు

ఇది మర్నాడు రాస్తున్నాను. నిన్నటి గడి ఖాళీగా ఉంచడం ఇష్టం లేదు.

పదకొండుకు ఫ్యాను ఆగింది. నా తెర మీద ఏడో నంబరు పచ్చ దీపం ఆరింది. ఆరుతుందని తెలిసిందే కనుక నేను టీ పెట్టుకున్నాను. పన్నెండు యాభైకి రాజమొగిలి నుంచి కబురు.

‘ఏడో దారోళ్ళకు చాపలేసి ఉంచినం. ఒక్కలు గూడ రాలే. ఏమైంది?’

అప్పుడు తెరిచాను అసలు చిట్టా. యాభై ఒకటో రోజు పొద్దున పదిన్నర దాకా ఏడో దారి ఫోన్లు అందుకున్నట్టు ఉంది. ఆ తర్వాత ఒక్కటీ లేదు. రాయి రాలింది కేబుల్ మీద. తొమ్మిది రోజులుగా ఆ దారికి నా చేతి నుంచి ఒక్క అక్షరం పోలేదు. మండలికి ఫోను చేశాను. వినాయకరావు అనే ఇంజినీరు తీశాడు. ఫ్యాను వెంటనే వేయమన్నాను, లోపల మనుషులున్నారని చెప్పాను.

“అలా ఎలా ఉంటారమ్మా? నలభై మూడు మందికీ చేరినట్టు నా ముందే ఉంది,” అన్నాడు.

“ఆ గుర్తు అబద్ధం సార్. నేనే పెట్టిన.”

ఆయన గొంతు తగ్గించి, రెక్కలు విప్పేశారని, ఎంత తొందరపడ్డా మూడు గంటలు పడుతుందని చెప్పాడు.

నేను గదికి తాళం వేయకుండానే దిగాను. నాలుగో దారి దగ్గర రాజమొగిలి పదిమందితో, తడిపిన దుప్పట్లతో కలిశాడు. అక్కడి నుంచి ఏడుకు గంట నడక. ఐదో దారి మలుపులో రాళ్ళ కింద కేబుల్ తెగి కనబడింది, పక్కన మనిషి పోయేంత సందు ఉంది. దాటి పోయే కొద్దీ గాలి బరువెక్కింది. గాలి ఎలా ఉందో చూడటానికి తెచ్చిన నూనె దీపం కింద పెడితే మసకేసింది. ముందు పోతున్న ఇద్దరు కళ్ళు తిరిగి వెనక్కి వచ్చేశారు. రాజమొగిలి నా రెక్క పట్టుకుని ఆపబోయాడు, నేను విదిలించుకున్నాను.

వాళ్ళు ఎక్కడికీ పరుగెత్తలేదు. తొక్కులాట లేదు, పడిపోయిన సామాను లేదు. గోడల వెంట బారుగా కూచుని ఉన్నారు, పిల్లలు ఒళ్ళో, తడి బట్టలు నెత్తిన. చాలామంది చేతుల్లో ఫోన్లు. చివర పాత తలుపు సందులో గాలి కొంచెం తగిలే చోట ఏడుగురికి ఊపిరి ఉంది. ముప్పై ఆరు మందికి లేదు. ఓదెలు దారి మొదట్లో, వచ్చే వాళ్ళకు ఎదురుగా కూచుని ఉన్నాడు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. అక్కడ అందరి ఒళ్ళూ వెచ్చగానే ఉన్నాయి, అంత వేడి.

వాడి చెవి పట్టుకున్నాను. ఏడ్చానో లేదో గుర్తు లేదు. రాజమొగిలి నన్ను మోసుకొచ్చాడట.

దిగిన 62వ రోజు

శవాలను నిన్న పైకి తెచ్చారు. పూడ్చడానికి కూడా ఎండ ఒప్పుకోదు, మూతపడ్డ రెండో బాయిలో పెట్టి గోడ కట్టారు.

మండలి ఇంకా పేర్లు బయట పెట్టలేదు. పైనుంచి సందేశాలు ఆగలేదు. వెంకటికి మీనాక్షి ఇవాళ రెండు పంపింది. రెండోది: ‘పోనీ నా తప్పే అనుకో. ఒక్క మాట పంపు.’ ఆమెకు రెండు రోజులు పలకరించకుండా ఊరుకొమ్మని చెప్పింది నేను.

వినాయకరావు ఫోను చేశాడు. పేర్ల జాబితా సిద్ధమయ్యేదాకా ఏడో దారి సందేశాలకు గుర్తులు ఎప్పటిలాగే పడనివ్వమన్నాడు. లేకపోతే జనం మొగ మీదికి వస్తారట. నా తప్పు సంగతి విచారణలో నెమ్మదిగా చూసుకోవచ్చట, నేను సహకరిస్తే నా కుర్చీకి కూడా ఢోకా ఉండదట.

ఫోను పెట్టేసి, నా ఏర్పాటును తీసేశాను. మూడేళ్ళ క్రితం ఒక పూటంతా కూచుని రాసినది, తీయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. నగరంలో ఏడో దారికి కబురు పెట్టిన ప్రతి నెట్ ఫోనులో గుర్తులు ఒక్కొక్కటే పోవడం మొదలైంది. పది నిమిషాల్లో నా ఫోను మోగింది. మీనాక్షి. ఎత్తాను. వెంకటి పేరు చెప్పి, చెప్పాల్సింది చెప్పాను. అలిగాడని నేను అన్న మాట కూడా తప్పని చెప్పాను. ఆమె అరవలేదు. తను ఎన్ని సందేశాలు పంపిందో లెక్కపెట్టి చెప్పమంది. ఇరవై ఆరు. ఒక్కటన్నా చూశాడా అని అడిగింది. లేదన్నాను.

ఆ తర్వాత ముప్పై ఒక్క ఫోన్లు ఎత్తాను.

దిగిన 63వ రోజు

అరవయ్యో రోజు రావాల్సిన కేబుల్ మనిషి ఇవాళ పొద్దున వచ్చి అతుకు వేశాడు. నేను వద్దనలేదు, ఆలోచించే ఓపిక లేదు.

అతుకు పడగానే ఏడో దారి పెట్టె నిద్ర లేచి, ఆ తొమ్మిది రోజుల్లో దాచుకున్నదంతా వదిలింది. నాలుగు వందల పన్నెండు ముక్కలు. తెర మీద కిందికి కిందికి జారుతూనే ఉన్నాయి. అన్నిటికీ అక్కడి వాళ్ళ ఫోన్లలో ‘చేరింది’ అని ఎప్పుడో పడి ఉంటుంది. ఆ గుర్తు పైవాళ్ళను ఏమార్చిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. లోపలి వాళ్ళనూ ఏమార్చిందని అప్పుడు గానీ బుర్రకెక్కలేదు.

వినాయకరావు అవి చెరిపేయమన్నాడు. పోయిన వాళ్ళ మాటలు ఇప్పుడు పంపితే కడుపుకోత తప్ప ఏం మిగులుతుందన్నాడు. ఆయన అన్నది పూర్తిగా తప్పు కాదు. అయినా అవి ఆయనవి కావు, నావీ కావు. ప్రతి వాళ్ళకూ ఫోను చేసి, ఇలా వచ్చాయి, కావాలా వద్దా అని అడిగి, కావాలన్న వాళ్ళకు పంపాను. ఒక్కరూ వద్దనలేదు. విచారణకు కాగితం కూడా రాసి పంపాను. ఎనిమిది ముక్కలు కూడా కాలేదు. ఏడో దారికి తొమ్మిది రోజులు ఏదీ చేరలేదు, చేరిందని చెప్పింది నేను, అనుమానం వచ్చాక కూడా రెండు రోజులు ఊరుకున్నది నేను.

నాకు వచ్చినవి చివరికి ఉంచుకున్నాను. మొత్తం తొమ్మిది.

యాభై మూడో రోజు: ‘అక్కా, తప్పయింది. ముందుగాల నీకు చెప్పాల్సింది.’

యాభై ఐదు: ‘సూసి గూడ పలకవా? సరే తియ్. తిను మంచిగ.’

యాభై ఏడు: ‘గొంతు నొప్పి తగ్గింది. నువ్వు అడగలే గని చెప్తున్న.’

ఇలా ఇంకో మూడు. మిగిలినవి అరవయ్యో రోజువి.

11.15: ‘అక్కా ఫ్యాను ఆగింది. నడిసి రావాల్నా, ఈడనే ఉండాల్నా? చెప్పు.’

11.50: ‘నీకు చేరిందని పడ్డది. పిలగాండ్లు ఏడుస్తున్నరు. జెల్ది చెప్పు.’

ఏ దారిలో ఫ్యాను ఆగినా వంతెనకు కబురు పెట్టి, జవాబు వచ్చేదాకా కదలకూడదన్నది బాయి కట్టుబాటు. గుంపుగా ఉరికితే ఇరుకు మలుపుల్లో తొక్కిసలాట అవుతుందని. కట్టుబాటు అందరికీ తెలుసు. అయినా ప్రాణం మీదికి వస్తే మనుషులు లేచి నడుస్తారు. పన్నెండు లోపు నడిచి ఉంటే దాదాపు అందరూ బతికేవాళ్ళని శవాలను చూసిన డాక్టరు చెప్పాడు. వాళ్ళెందుకు లేవలేదో మూడు రోజులుగా నాకు అర్థం కాలేదు.

12.20: ‘కొందరు పోదామంటున్నరు. నేనే ఆపిన. మా అక్క సూసింది, చెప్తది అన్న.’

నేను చూడలేదు ఓదెలూ.